సైనికుడు కోరిన పాట

వీరుణ్ణి గౌరవించటం తెలుగువారికి కొత్త విద్య కాదు. పల్లె పొలిమేరలలో వీరగల్లులు నిలిపి, వాటికి పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కిన జాతి మనది. పల్నాటి సీమలోని కారెంపూడిలో, పన్నెండవ శతాబ్దపు యుద్ధంలో మడిసిన వీరులకు నేటికీ కార్తిక మాసంలో ఆరాధన జరుగుతుంది. వీరవిద్యావంతులు ఆ వీరుల కథను గానం చేస్తారు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన 'పలనాటి వీరచరిత్ర' కూడా ఆ గానసంప్రదాయం నుండి పుట్టినదే.

మన నెల్లూరు సీమకు ఖడ్గతిక్కన కథ ఉన్నది. పదమూడవ శతాబ్దంలో నెల్లూరు నేలిన మనుమసిద్ధికి, కాటమరాజుకు పశువుల మేతబీళ్ళ విషయంలో పుల్లరి తగవు వచ్చింది. పాలేటి ఒడ్డున పంచలింగాల వద్ద జరిగిన పోరాటంలో మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన. మహాకవి తిక్కన సోమయాజికి ఇతడు జ్ఞాతి. సేన చెదిరి ఇంటికి తిరిగి వచ్చిన ఖడ్గతిక్కనకు భార్య స్నానానికి మంచం చాటు పెట్టి పసుపు ముద్ద ఉంచిందని, తల్లి విరిగిన పాలు వడ్డించిందని కథ. ఆ అవమానం సహించలేక అతడు తిరిగి రణరంగానికి వెళ్ళి ప్రాణం విడిచాడు. కొమ్ములవారు కాటమరాజు కథలను తరతరాలుగా పాడుతూ వచ్చారు.

ఈ గానాలన్నీ గొప్పవే. అయితే వీటిని శ్రద్ధగా పరిశీలించినవారికి ఒక విషయం స్ఫురిస్తుంది. ఇందులో పాట సైనికుని గురించి పుట్టింది. సైనికుని కోసం పుట్టలేదు. ఏమి పాడాలో నిర్ణయించినది రాజు, కవి, కులపెద్ద, లేదా ఊరు. యుద్ధం నుండి అలసి వచ్చిన ఖడ్గతిక్కనను "నాయనా, నీకేమి కావాలి?" అని అడిగినవారు ఆ కథలో ఒక్కరూ లేరు. అడిగి ఉంటే అతడేమని బదులు చెప్పేవాడో మనకు తెలియదు. వీరుణ్ణి కీర్తించటం ఒకటి. వీరుడి మాట వినటం మరొకటి. ఈ రెండవది మనం ఎంతవరకు నేర్చుకున్నామన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున ఉన్న బారాషహీద్ దర్గాను మన విద్యార్థులలో చూడనివారు అరుదు. యుద్ధంలో నేలకొరిగిన పన్నెండు మంది వీరుల సమాధులు అవి అని జనుల విశ్వాసం. మొహర్రం సందర్భంగా అక్కడ జరిగే రొట్టెల పండుగలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ చెరువు నీటిలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక ఉన్నవారు రొట్టె అడిగి పుచ్చుకుంటారు. కోరిక నెరవేరినవారు మరుసటి ఏడు వచ్చి రొట్టె ఇస్తారు. విద్యకు ఒక రొట్టె, ఉద్యోగానికి ఒక రొట్టె, సంతానానికి ఒక రొట్టె. వీరుల సన్నిధిలో అడగటానికి సిగ్గు లేదు. ఇవ్వటంలో గర్వం లేదు. ఉర్దూలో కోరికను 'ఫర్మాయిష్' అంటారు. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ మాట సైనికుని నోట చేరింది. దానిని చేర్చినది రేడియో.

యుద్ధం తెచ్చిన రేడియో

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో స్వదేశానికి వేల మైళ్ళ దూరంలో ఉన్న సిపాయిలకు వార్తలతో పాటు వినోదం కూడా అవసరమని సైన్యాధికారులు గ్రహించారు. బ్రిటనులో బి.బి.సి. సైనికులు కోరిన పాటలను ప్రసారం చేసింది. యుద్ధం ముగిసిన 1945లోనే 'ఫ్యామిలీ ఫేవరిట్స్' అనే కార్యక్రమం మొదలయింది. జర్మనీలో ఉన్న సైనికుడు ఇంటివారి కోసం, ఇంటివారు సైనికుని కోసం పాట కోరుకోవటం దాని పద్ధతి.

మన ప్రాంతానికి సంబంధించిన ముచ్చట ఇంకొకటి ఉన్నది. ఆగ్నేయాసియా మిత్రరాజ్యాల సైనిక కమాండ్ తన సిపాయిల కోసం కొలంబోలో ఒక రేడియో కేంద్రం నెలకొల్పింది. యుద్ధానంతరం అది సిలోను ప్రభుత్వానికి సంక్రమించింది. అదే మన పెద్దలందరికీ తెలిసిన రేడియో సిలోను. 1952లో కేంద్ర సమాచార ప్రసారశాఖను చేపట్టిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి నుండి సినిమా పాటలు తగ్గిపోయినప్పుడు, దేశంలోని శ్రోతలు సిలోను వైపు చెవి త్రిప్పారు. నెల్లూరు కోస్తాలో సాయంకాలం మిద్దెల మీద, టీ దుకాణాలలో మ్రోగిన ఆ పాటల వెనుక ఒకనాటి సిపాయిల రేడియో ఉన్నదని ఎంతమందికి తెలుసు? సైనికుని కోసం ఏర్పడిన వసతి పౌరుని ఇంటికి సంగీతం తెచ్చింది. ఈ ఋణం మనం లెక్క వేసుకోలేదు.

జయమాల

1957 అక్టోబరు 3వ తేదీన ఆకాశవాణి 'వివిధభారతి'ని ప్రారంభించింది. పండిత నరేంద్రశర్మ దానికి తొలి సారథి. ఆ వివిధభారతిలో సైనిక సోదరుల కోసం ఏర్పడినదే 'జయమాల'. సిపాయిలు తమకు నచ్చిన సినిమా పాటను జాబు వ్రాసి కోరతారు. ప్రకటించేవారు ఆ పేర్లు చదివి పాట వినిపిస్తారు. వారానికొకసారి 'విశేష జయమాల'లో సినీరంగ ప్రముఖులొకరు తామే సైనికులతో మాట్లాడి పాటలు వినిపించేవారు. ఆ విశేష కార్యక్రమానికి తొలి గొంతు నటి నర్గీస్‌ది.

మా బాల్యంలో, అనగా 1990ల దశకంలో, మా ఇంట ఈ కార్యక్రమం వినటం ఒక నియమం. మగ్రిబ్ నమాజు ముగించుకొని వచ్చి మా అబ్బాజాన్ రేడియో ముందు కూర్చునేవారు. ఏడు గంటల వార్తల తరువాత జయమాల వచ్చేది. ప్రకటించేవారు పాటకు ముందు సిపాయి, నాయక్, హవల్దారు, సుబేదారు అంటూ పేర్ల మీద పేర్లు చదివేవారు. మాకు విసుగు పుట్టేది. "పాట వేయకుండా ఈ పేర్లెందుకు?" అని ఒకనాడు అడిగాము. అబ్బాజాన్ "పాట ఎప్పుడైనా వినవచ్చు బేటా, ఆ పేర్లు మళ్ళీ వినబడవు" అన్నారు. ఆ మాటలోని అర్థం మాకు చాలా కాలానికి గాని బోధపడలేదు.

సరిహద్దులో ఉన్న సిపాయి చిరునామా ఎలా ఉంటుందో మీరు ఎప్పుడైనా చూశారా? పేరు, సంఖ్య, దళం, చివర '56 ఎ.పి.ఓ.' అనో '99 ఎ.పి.ఓ.' అనో ఉంటుంది. ఊరి పేరుండదు, జిల్లా ఉండదు. అతడు మంచుకొండలో ఉన్నాడో, ఇసుక ఎడారిలో ఉన్నాడో కన్నతల్లికి కూడా ఆ కవరు చెప్పదు. తాను ఎక్కడ ఉన్నదీ చెప్పుకోలేని మనిషి, తనకు ఏ పాట ఇష్టమో మాత్రం దేశమంతటికీ చెప్పుకోగలిగాడు. రాత్రి ఏడు గంటలకు అతని పేరు దేశమంతటా వినిపించింది. ఆ ఊళ్ళో ఆ ఇంటిలో రేడియో ముందు కూర్చున్న తల్లికి అది కుశలవార్త. చనిపోయిన తరువాత రాతిపై చెక్కే పేరు కాదు ఇది. బ్రతికి ఉండగా పలికిన పేరు.

సైనికులు ఏమి కోరారు?

సైనికుడు యుద్ధగీతమే కోరతాడని బయటివారు ఊహిస్తారు. మేము విన్న జయమాలలో అధికభాగం ప్రేమగీతాలు, విరహగీతాలు, ఇంటిని, వానను, పెళ్ళిని తలపించే పాటలు. కవాతు వారికి పగలంతా ఉన్నదే. సాయంకాలం కూడా కవాతు పాటే ఎందుకు కోరుతారు?

ఇందుకు సాహిత్యంలో రెండు ఉదాహరణలు చూపుతాము. రెండూ ఉర్దూ కవులవే. మొదటిది కైఫీ ఆజ్మీది. 1962 చైనా యుద్ధం నేపథ్యంగా చేతన్ ఆనంద్ నిర్మించిన 'హకీకత్' (1964) చిత్రం కోసం ఆయన వ్రాసిన పాటను మదన్‌మోహన్ స్వరపరచగా మహమ్మద్ రఫీ పాడారు. ప్రాణం విడుస్తున్న సైనికుడు దేశాన్ని తోటివారికి అప్పగించే గీతమది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు అది వినిపించని పాఠశాల ఉండదు.

రెండవది మన తెలుగుగడ్డపై పుట్టిన ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్‌ది. మెదక్ ప్రాంతపు ఆందోలులో 1908లో జన్మించి, హైదరాబాదు సిటీ కళాశాలలో అధ్యాపకుడుగా కొంతకాలం పనిచేసిన మఖ్దూం 'సిపాయి' అనే కవిత వ్రాశారు. అందులో సైనికుడు మాట్లాడడు. యుద్ధానికి వెళుతున్న అతణ్ణి చూస్తున్నవారు ప్రశ్నిస్తారు. అతడు విడిచి వెళుతున్న ఇల్లు ఆ ప్రశ్నలో కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న భారత సిపాయి గురించి చంద్రధర శర్మ గులేరీ 1915లో వ్రాసిన 'ఉస్‌నే కహా థా' కథ 1960లో చలనచిత్రమైనప్పుడు, సలీల్ చౌధురి ఆ కవితకు బాణీ కట్టారు. ఒక పాట సైనికుని త్యాగాన్ని చెబుతుంది. మరొకటి ఆ త్యాగం వల్ల ఏ ఇంట దీపం మసకబారుతుందో అడుగుతుంది. మన సభలలో మొదటిది తరచు వినిపిస్తాము. రెండవది దాదాపు మరచిపోయాము. గౌరవానికి రెండూ అవసరం.

నేటి విద్యార్థులకు రాక్ సంగీతంపై మక్కువ ఉన్నది. పెద్దలలో కొందరికి అది చెవికి ముల్లు. కనుక ఆ వైపు నుండి కూడా ఒక ఉదాహరణ ఇవ్వటం న్యాయం. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనిక రేడియో తన సిపాయిలకు రాక్ పాటలు వినిపించేది. గిటార్ల హోరు, డ్రమ్ముల మోత గల ఆ పాటలలో సిపాయిలు గుండెకు హత్తుకున్న వాటిలో ముఖ్యమైనది 1965లో 'ది ఆనిమల్స్' అనే బ్రిటిష్ బృందం పాడిన 'వి గాటా గెట్ అవుట్ ఆఫ్ దిస్ ప్లేస్'. విచిత్రమేమంటే ఆ పాటలో యుద్ధం లేదు, తుపాకి లేదు, జెండా లేదు. పేదవాడలో మ్రగ్గుతున్న ఒక యువకుడు తన ప్రియురాలితో అక్కడి నుండి బయటపడాలని కోరుకోవటమే దాని వస్తువు. పరాయిగడ్డపై అడవులలో ఉన్న సిపాయికి అది తన పాటే అనిపించింది. వియత్నాం మాజీ సైనికులను కలిసి వారి సంగీత జ్ఞాపకాలు సేకరించిన ఇద్దరు రచయితలు 2015లో వెలువరించిన గ్రంథానికి ఆ పాట పేరే పెట్టుకున్నారు. జయమాల శ్రోత కోరిన విరహగీతానికీ, సైగాను శ్రోత కోరిన రాక్ పాటకూ రాగం వేరు, భాష వేరు, కోరిక ఒక్కటే. అది ఇల్లు.

మా పొరపాటు

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. 1949 నుండి మన దేశంలో ప్రతి డిసెంబరు 7వ తేదీని సాయుధ దళాల పతాక దినంగా పాటిస్తున్నారు. అమరుల కుటుంబాలకు, గాయపడినవారికి, మాజీ సైనికులకు తోడ్పడటానికి ఆనాడు జెండాలు ఇచ్చి విరాళాలు సేకరిస్తారు. అటువంటి ఒక సభకు కొద్ది ఏళ్ళ క్రితం మేము కార్యక్రమం రూపొందించాము. తుమ్మలపెంట వైపు గ్రామం నుండి వచ్చిన ఒక వృద్ధ హవల్దారును వేదికపై కూర్చుండబెట్టాము. పూలమాల వేశాము. 1948 జులై 3న కాశ్మీరులో నేలకొరిగిన బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్‌ను, 1965 యుద్ధంలో ఖేంకరణ్ రంగంలో శత్రువుల ట్యాంకులను ధ్వంసం చేసి పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్‌ను, 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణమర్పించిన మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబును స్మరించాము. ఉపన్యాసాలు అయినవి. దేశభక్తి గీతాలు అయిదు వినిపించాము. అన్నీ మేము ఎంచినవే.

వందన సమర్పణకు లేచినప్పుడు ఆ పెద్దాయన మా చెవి దగ్గర "సార్, ఒక్క పాట వేయిస్తారా?" అని మెల్లగా అడిగారు. 'మూగమనసులు' చిత్రంలో సుశీల పాడిన గోదావరి గట్టు పాట. మేము గడియారం చూసుకొని, "సమయం మించిపోయింది, ఈసారి తప్పకుండా" అన్నాము. ఆయన "అట్లే కానీండి సార్" అని కూర్చున్నారు. జాతీయగీతంతో సభ ముగిసింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అబ్బాజాన్ మాట గుర్తుకు వచ్చింది. పదిరోజుల తరువాత బి.ఏ. మూడవ సంవత్సరం విద్యార్థిని ఒకరిని, ఆమె అన్నను వెంటబెట్టుకొని ఆ గ్రామం వెళ్ళాము. ఆయన ఆశ్చర్యపడ్డారు, ఆనందించారు. భార్యను పిలిచి టీ పెట్టమన్నారు. అప్పుడు చెప్పారు: 1970ల దశకంలో రాజస్థాన్ ఎడారిలో ఉద్యోగం చేసిన రోజులలో ఆయన జయమాలకు ఎన్నో జాబులు వ్రాశారట. రెండుసార్లు పేరు చదివారట. అయితే కోరినవన్నీ హిందీ పాటలే. జయమాల ప్రధానంగా హిందీ చిత్రగీతాల కార్యక్రమం. తెలుగు పాట అడగవచ్చునని ఆయనకు తోచలేదు. "చుట్టూ ఇసుక సార్. నీళ్ళు లెక్క పెట్టుకొని తాగేవాళ్ళం. చిన్నప్పుడు కావలిలో చూసిన ఆ సినిమాలో గోదారి నీళ్ళు కళ్ళలో మెదిలేవి. ఆ పాట నాలో నేనే పాడుకునేవాణ్ణి. ఎవరిని అడగను?" అన్నారు.

ఆ పాట వ్రాసినది దాశరథి. గాలిబ్ ఉర్దూ గజళ్ళను 'గాలిబ్ గీతాలు'గా తెలుగువారికి అందించిన కవి ఆయనే. ఉర్దూను, తెలుగును రెండు కళ్ళుగా భావించే మన కళాశాలకు ఆ పాట పరాయిది కానే కాదు. అయినా దానికి మేము నాలుగు నిమిషాలు ఇవ్వలేకపోయాము.

విద్యార్థిని తన ఫోనులో పాట వెదికి మీట నొక్కబోయింది. ఆయన చేయి అడ్డం పెట్టి, "అమ్మాయీ, పాటకు ముందు పేరు చెప్పాల గదా!" అన్నారు. ఆమెకు మొదట అర్థం కాలేదు. మేము చెప్పగా, నిలబడి, రేడియోలో ప్రకటించేవారి వలె, ఆయన హోదా, పేరు, గ్రామం, నెల్లూరు జిల్లా అని స్పష్టంగా పలికి, "తాతగారు కోరిన పాట" అన్నది. పాట సాగినంతసేపు ఆయన కళ్ళు మూసుకొని ఉన్నారు. ఆయన భార్య వాకిలి పట్టుకొని నిలబడి విన్నది. పాట అయిన తరువాత ఆమె అన్న మాట ఒకటే: "ఈ పాటంటే ఇంత ఇష్టమని నాకూ ఎప్పుడూ చెప్పలేదు."

కమిటీవారికి మా విన్నపం

సంప్రదాయ గౌరవాన్ని మానుకోమని మేము చెప్పటం లేదు. వీరుల పేర్లు పిల్లలకు తెలియాలి. ఉస్మాన్, హమీద్‌ల పేర్లు చెప్పుకొని మనం గర్వించటంలో తప్పు లేదు. అయితే ఆ పేర్లు మన దేశభక్తికి సాక్ష్యపత్రాలుగా ఎవరికో చూపటానికి కాదు. వారిని మనుషులుగా ఎరుగుటకు. పతాక దినాన హుండీలో వేసే విరాళానికి పాట ప్రత్యామ్నాయం కాదు. పింఛను కాగితాల కోసం తిరిగే మాజీ సైనికుని భార్యకు మన విద్యార్థి ఒక అర్జీ వ్రాసి పెడితే అది వంద పాటలకు సమానం. ఇవన్నీ చేస్తూనే, మరొక చిన్న పని చేయమని కోరుతున్నాము.

రాబోయే డిసెంబరు 7వ తేదీకి నెలరోజుల ముందు, కావలి పట్టణంలోను చుట్టుప్రక్కల గ్రామాలలోను ఉన్న మాజీ సైనికుల ఇళ్ళకు, ఉద్యోగంలో ఉన్నవారి ఇళ్ళకు, మరణించినవారి కుటుంబాలకు విద్యార్థులు ఒక్కొక్క కార్డు అందజేయాలి. అందులో ఒకే ప్రశ్న: "మీకు ఇష్టమైన పాట ఏది?" ఉర్దూ గజలైనా, తెలుగు సినిమా పాటయినా, రాక్ పాటయినా, మొహర్రం మర్సియా అయినా, క్రైస్తవ కీర్తనయినా అభ్యంతరం ఉండరాదు. సభలో ముందు పేరు, హోదా, గ్రామం స్పష్టంగా చదవాలి, తరువాత పాట. వీలైనవి మన విద్యార్థులే పాడాలి. ఆ కార్డులను గ్రంథాలయంలో భద్రపరచాలి. కొన్నేళ్ళకు ఈ కోస్తా సిపాయిలు ఏమి ప్రేమించారో చెప్పే చరిత్ర మన చేతిలో ఉంటుంది. అది ఏ పుస్తకంలోను దొరకదు.

గంభీరమైన సభలో సినిమా ప్రేమగీతం ఏమి బాగుంటుందని కొందరు పెద్దలు సందేహించవచ్చు. వారికి మా సమాధానం వినయపూర్వకమైనది. సభ ఎవరి గౌరవార్థం జరుగుతున్నదో, ఆ సభలో ఏది గంభీరమో నిర్ణయించే హక్కు కొంతయినా వారికి ఉండాలి. మంచులో, ఇసుకలో నిలబడి రాత్రులు కాచిన మనిషి నాలుగు నిమిషాల పాట అడిగితే అది సభామర్యాదకు భంగం కాదు.

ప్రియ విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు సైన్యంలో చేరవచ్చు. మీ చెవులలో మ్రోగే పాటలు మాకు నచ్చకపోవచ్చు. వాటిని మాకు వినిపించండి, మేము వింటాము. మీరు కూడా ఇంటికి వెళ్ళినప్పుడు, మీ వీధిలో ఒక పాత సిపాయి ఉంటే, ఆయన ప్రక్కన కూర్చొని ఏ పాట ఇష్టమో అడగండి. ముందు ఆయన పేరు పలకండి. ఆ తరువాత మీట నొక్కండి.